పిడికీ ఉక్కుకూ మధ్య వెంట్రుక వాసి

ఈ పాఠానికి నా బల్ల మీద ఉన్న వస్తువు ఒక మడత చాకు. అలుగు, అంటే కోసే భాగం, ఏడు సెంటీమీటర్ల పొడవు. మూస్తే పిడిలోకి ఒదిగిపోతుంది. పిడికి రెండు పక్కలా ఎర్రటి కర్ర చెక్కలు, వాటిని పట్టి ఉంచే ఇత్తడి రివెట్లు, వీపు మీద ఉక్కు స్ప్రింగు. పెన్సిలు చెక్కడానికీ, మామిడికాయ కోయడానికీ సరిపోతుంది. (మీరు మాత్రం ఇలాంటివి బడికి తీసుకురాకండి. విమానం ఎక్కేటప్పుడు చేతిసంచీలోనూ పెట్టకండి, తీసేసుకుంటారు.)

దీన్ని 2014 ఆగస్టులో పోర్ట్ బ్లెయిర్‌లో కొన్నాను. ఆ ఊరి పేరును 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని మార్చారు. నేను వెళ్ళిన నాటి పేరే ఇక్కడ వాడుతున్నాను. ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల కోసం వెళ్ళి, బజారులో నడుస్తుంటే తెలుగు మాట వినిపించింది. అందులో వింతేమీ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో ఉన్న 3,80,581 మందిలో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. బెంగాలీ, హిందీ, తమిళం తరవాతి స్థానం మనదే. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి ఓడెక్కి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఆ మాట వినిపించిన చోట ఒక పెద్దాయన చిన్న కొట్టులో కర్రపని చేస్తున్నాడు. డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి. ఆయన చేతిలో అప్పుడు తయారవుతున్నదే ఈ చాకు.

ఆ ఎర్ర కర్ర పేరు పడాక్. అండమాన్ పడాక్ ఆ దీవుల రాష్ట్ర వృక్షం. వృక్షశాస్త్రంలో దాని పేరు టెరోకార్పస్ డాల్బెర్జియాయిడిస్. ఈ పేరులో మొదటి మాటను గుర్తుపెట్టుకోండి. మన శేషాచలం కొండల ఎర్రచందనం టెరోకార్పస్ శాంటాలినస్. మన అడవుల్లో దొరికే వేగిస టెరోకార్పస్ మార్సూపియం. అంటే పడాక్ మనకు పరాయిది కాదు, సముద్రం అవతల ఉన్న దాయాది. బ్రిటిష్ వారు 1883లో చాథం దీవి మీద రంపపు మిల్లు పెట్టి, దశాబ్దాల పాటు ఈ కలపను కోసి ఓడలకెత్తారు. 2002 మే నెలలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులు దీవుల్లో చెట్ల నరికివేతను, కలపను ప్రధాన భూభాగానికి తరలించడాన్ని గట్టిగా కట్టడి చేశాయి. నా చాకుకు పెద్దాయన వాడినది కొత్త కలప కాదు. ఎవరో ఇల్లు విప్పినప్పుడు మిగిలిన పాత ద్వారబంధం ముక్క.

కొన్న రోజున పిడి మీద వేలు పెట్టి రాస్తే కర్ర ఎక్కడ ముగిసిందో, ఉక్కు ఎక్కడ మొదలైందో తెలియలేదు. అంత నున్నగా ఉంది. హైదరాబాదు వచ్చాను. వానాకాలం, చలికాలం గడిచాయి. 2015 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పెన్సిలు చెక్కుతుంటే అరచేతికి ఏదో గరుకుగా తగిలింది. చూస్తే పిడి వీపు పొడవునా ఉక్కు అంచు కర్ర కంటే పైకి తేలి ఉంది. ఒకవైపు చెక్క అంచు లోపలి రేకు నుంచి కొద్దిగా లేచి, సన్నని నల్లగీత లాంటి సందు కనిపించింది.

నాకు కోపం వచ్చింది. భౌతికశాస్త్రం చెప్పేవాడికి ఆ సందు ఎందుకు వచ్చిందో తట్టాలి. తట్టలేదు. పచ్చి కర్ర పెట్టి నన్ను మోసం చేశాడనుకున్నాను. అంతటితో ఆగినా బాగుండేది. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక మిత్రుడు అదే పెద్దాయన దగ్గర పది చాకులు చేయించాలనుకుంటున్నానని ఫోనులో అంటే, వద్దన్నాను. ఆయన మానుకున్నాడు. తరవాత నేను సందులోకి ఎపాక్సీ జిగురు ఎక్కించి, చాకును వైసులో బిగించి, పైకి తేలిన ఉక్కును ఆకురాయితో కర్ర మట్టానికి అరగదీశాను. మళ్ళీ నున్నగా అయింది. గెలిచాననుకున్నాను.

కర్ర ఆరిపోదు

ఇప్పుడు నాకు అప్పుడు తట్టని లెక్క చూద్దాం.

కర్రలో నీరు రెండు చోట్ల ఉంటుంది. కణాల బోలులో ఉండే నీరు ఒకటి, కణకవచాల లోపల సెల్యులోజ్ పోగులను అంటిపెట్టుకుని ఉండే నీరు ఒకటి. చెట్టు కొట్టాక మొదట పోయేది బోలులోని నీరు. అది పోయినా కర్ర కొలతలు మారవు. తేమ సుమారు 30 శాతానికి దిగాక, కణకవచాల్లోని నీరు పోవడం మొదలవుతుంది. అప్పుడు కర్ర కుంచించుకుపోతుంది. ఇది ఒకసారి జరిగి ఆగిపోయే పని అని చాలామంది అనుకుంటారు. “బాగా ఆరిన కర్ర” అనే మాట మనల్ని అలా నమ్మిస్తుంది. నిజానికి కర్ర ఎంత పాతదైనా చుట్టూ ఉన్న గాలితో తేమను ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. గాలి తడిగా ఉంటే పీల్చుకుంటుంది, పొడిగా ఉంటే వదిలేస్తుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 80 శాతం ఉంటే, మన ఉష్ణోగ్రతల్లో కర్ర సుమారు 16 శాతం తేమ దగ్గర నిలకడగా ఉంటుంది. ఆర్ద్రత 35, 40 శాతానికి పడితే అది 7 శాతం దరిదాపుకు దిగుతుంది. మొదటిది వానాకాలపు పోర్ట్ బ్లెయిర్, రెండవది వేసవి హైదరాబాదు. ద్వారబంధంగా ఎన్నేళ్ళు నిలబడిన కర్రకైనా ఈ ప్రయాణం ప్రయాణమే.

అయితే కర్ర అన్ని దిక్కులా ఒకేలా కుంచించుకోదు. మొద్దు అడ్డుకోత ముఖాన్ని ఊహించుకోండి. వార్షిక వలయాలు కనిపిస్తాయి. ఆ వలయాల వెంట, అంటే స్పర్శరేఖ దిశలో, సంకోచం అన్నిటికంటే ఎక్కువ. వాటికి అడ్డంగా, అంటే వ్యాసార్ధం దిశలో, ఇంచుమించు అందులో సగం. చెట్టు నిలువు పొడవునా దాదాపు శూన్యం, చాలా కలపల్లో 0.1 నుంచి 0.2 శాతం మాత్రమే. అందుకే తలుపు వానాకాలంలో వెడల్పులో బిగుసుకుంటుంది కాని ఎత్తు పెరిగిందని ఎవరూ అనరు. నా చాకు పిడిలో నార పొడవునా ఉంది, కనుక మార్పంతా వెడల్పులోనే.

పడాక్ తక్కువగా కదిలే కలపల్లో ఒకటని పేరు. అయినా లెక్క కోసం, పచ్చిదశ నుంచి పూర్తిగా ఎండేసరికి వెడల్పులో 5 శాతం తగ్గుతుందనుకుందాం. ఆ 5 శాతం 30 పాళ్ళ తేమ మీద పరుచుకుంటుంది కాబట్టి, ఒక్కో పాలుకు ఆరింట ఒక వంతు శాతం. 16 నుంచి 7కు దిగితే తొమ్మిది పాళ్ళు, అంటే 1.5 శాతం. పిడి వెడల్పు 18 మిల్లీమీటర్లు. అందులో 1.5 శాతం 0.27 మిల్లీమీటర్లు. రివెట్లు నడిగీత వెంట ఉన్నాయి కాబట్టి ఆ తగ్గుదల రెండు అంచులకూ సగం సగం పంచుకుంటుంది. ఒక్కో అంచుకు 0.13 మిల్లీమీటర్లు. ఒకటి రెండు తలవెంట్రుకల మందం.

అదే సమయంలో ఉక్కు ఏం చేసింది? ఉక్కుకు తేమతో పని లేదు, వేడితోనే పని. దాని వ్యాకోచ గుణకం డిగ్రీకి పది లక్షల్లో 12 పాళ్ళు. పోర్ట్ బ్లెయిర్ 28 డిగ్రీల నుంచి హైదరాబాదు 40 డిగ్రీలకు వచ్చినా 18 మిల్లీమీటర్ల ఉక్కు పెరిగేది 0.0026 మిల్లీమీటర్లు. కర్ర మార్పు దీనికి వంద రెట్లు. పైగా దిశ కూడా వేరు, ఎండకు ఉక్కు పెరుగుతుంటే కర్ర తరుగుతుంది. ఈ రెంటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఏడాది పొడవునా ఒకే మట్టంలో ఉండాలని కోరడం ఎవరి చేతిపనికీ సాధ్యం కానిది.

మరి 0.13 మిల్లీమీటర్లు అంత పెద్ద లోపంగా ఎందుకు అనిపించింది? మన వేలికొన అంత గట్టిది కాబట్టి. 2013లో స్వీడన్ పరిశోధకులు ముడతలు తీర్చిన ఉపరితలాల మీద వేళ్ళు రాయించి పరీక్షించారు. 13 నానోమీటర్ల ఎత్తున్న ముడతలున్న తలాన్ని, నున్నని తలం నుంచి మనుషుల వేలు వేరుచేసి చెప్పగలిగింది. నా పిడి మీద తేలిన అంచు దానికి పదివేల రెట్లు. కంటికి కనిపించని దాన్ని కూడా వేలు ఫిర్యాదు చేస్తుంది. ఆ ఫిర్యాదు నిజమే, కాని అది ప్రమాదం గురించా కాదా అన్నది వేలికి తెలియదు.

పారకామ చెప్పే పాఠం

నేను జిగురు పెట్టిన తరవాతి కథ వినండి. ఆ ఏడు వానలు పడ్డాయి. కర్ర మళ్ళీ ఉబ్బింది. ఈసారి అది అరగదీసిన ఉక్కు కంటే పైకి తేలింది. చికాకుపడ్డాను గాని ఊరుకున్నాను. 2016 మే నెలలో ఒకనాడు సొరుగు తీస్తే, ఒక రివెట్టు నుంచి పిడి చివరి దాకా చెక్క నిలువునా చీలి ఉంది.

తడిసినప్పుడు కాక ఎండినప్పుడు ఎందుకు చీలింది? ఊళ్ళో పెరిగినవారికి సమాధానం తెలుసు, పేరు తెలియకపోవచ్చు. పారకు గాని గొడ్డలికి గాని కామ వదులైతే ఏం చేస్తారు? నీళ్ళలో నానబెడతారు. కర్ర ఉబ్బి, ఇనుప కన్నంలో బిగుసుకుంటుంది. పని అయిపోతుంది. రెండు రోజులకు ఎండిపోయాక చూడండి, మునుపటి కంటే ఎక్కువ వదులవుతుంది. ఎందుకంటే ఉబ్బుదామని చూసిన కర్రకు ఇనుము చోటివ్వలేదు. కర్ర కణాలు లోలోపల నలిగి, నలిగిన ఆకారంలోనే ఉండిపోయాయి. ఎండినప్పుడు ఆ నలిగిన కొలత నుంచి ఇంకా తరుగుతాయి. నానబెట్టిన ప్రతిసారీ కొంచెం కొంచెం నష్టమే. బండి చక్రానిదీ ఇదే తీరు. కమ్మరి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తే, ఇనుము సంకోచించి చక్రాన్ని బిగించి పడుతుంది. వేసవిలో కర్ర ఎండితే పట్టా వదులవుతుంది. అప్పుడు రైతు బండిని చెరువులోకి దింపేవాడు. తాత్కాలికంగా ఫలితం ఉంటుంది. చివరికి పట్టాను కత్తిరించి చిన్నది చేయక తప్పేది కాదు.

నా చాకులో జరిగింది అదే. వేసవిలో, కర్ర బాగా తరిగి ఉన్నప్పుడు, చెక్క మొత్తాన్ని జిగురుతో ఉక్కు రేకుకు అంటించేశాను. వానాకాలంలో అది ఉబ్బబోతే జిగురు కదలనివ్వలేదు, లోపల నలిగింది. మళ్ళీ వేసవిలో మునుపటి కంటే ఎక్కువ తరగబోయింది, అప్పుడూ జిగురు కదలనివ్వలేదు. లాగుడు తట్టుకోలేక, రివెట్టు కన్నం అనే బలహీనమైన చోట మొదలై నార వెంట చీలింది.

2016 డిసెంబరులో విశాఖ నుంచి ఓడలో మళ్ళీ వెళ్ళే పని పడింది. చాకును వెంట తీసుకుపోయి పెద్దాయన ముందు పెట్టాను. ఆయన భూతద్దం కూడా తీయలేదు. గోటితో సందు మీద గీరి, “జిగురెవరు పెట్టినారు మేష్టారూ?” అన్నాడు.

“నేనే బాబాయ్,” అన్నాను.

“కర్ర ఊపిరి తీస్తాది. దాన్ని కట్టేస్తే ఊరుకుంటాదేటి?”

అప్పుడు ఆయన తను చేసినదేమిటో చూపించాడు. రివెట్లన్నీ ఒకే గీత మీద ఉన్నాయి. వెడల్పులో అటొకటి ఇటొకటి పెట్టి ఉంటే అంచులకు కదిలే వీలు ఉండేది కాదు. కర్రలోని కన్నాలు రివెట్టు కంటే పిసరంత పెద్దవి. అంచుల దగ్గర జిగురు వేయలేదు. ఉక్కు అంచు ఏదో ఒకనాడు పైకి తేలుతుందని తెలిసే, దాన్ని ముందుగానే గుండ్రంగా రాసి పెట్టాడు, చేతికి కోసుకోకుండా. నేను ఆకురాయి పెట్టి ఆ గుండ్రదనాన్ని చెరిపేశాను. నేను లోపం అనుకున్న సందు, ఆయన ఆ చెక్కకు వదిలిన చోటు.

పది చాకుల సంగతి కూడా చెప్పాను. చెప్పకపోతే ఆయనకు తెలిసేది కాదు. కాసేపు మాట్లాడలేదు. “ఆ కర్ర కోసి ఉంచినాను. తరవాత వేరేవాటికి వాడేసినాను లెండి,” అన్నాడు. చెక్క మార్చడానికి రెండు రోజులు పట్టింది. పని ఖరీదు తీసుకున్నాడు, నేను ఎక్కువ ఇవ్వబోతే వెనక్కి ఇచ్చేశాడు.

ఒక్క మాట నా వైపు నుంచి. తప్పు నాదే అయినా, అమ్మేటప్పుడు “ఎండాకాలంలో అంచు తేలుతుంది, ముట్టుకోవద్దు” అని ఒక ముక్క చెప్పి ఉంటే బాగుండేది. తేమ దీవుల్లో చేసిన వస్తువు పొడి నేలకు పోతుందని చేసేవారికి తెలుసు, కొనేవారికి తెలియదు. చేతిపని దుకాణాలు నిలువుటద్దాల మీద పెట్టే ఖర్చులో పిసరు ఇలాంటి చీటీల మీద పెడితే మేలు.

రంగు తేడా, నల్లమరక

మార్చిన చెక్క పాతదాని రంగులో లేదు. పాతది ముదురు గోధుమరంగు, కొత్తది నారింజ కలిసిన ఎరుపు. కోసిన వెంటనే పడాక్ ఎర్రగా మెరుస్తుంది. వెలుతురు, ఆక్సిజన్ తగిలేకొద్దీ దాని వర్ణద్రవ్యాలు మారి ముదురుతుంది. ఇప్పటికి తేడా చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. రెండూ వేరువేరు ముక్కలు కదా. చెక్క మీద ఒకచోట పొర లేచినట్టు గరుకుగా ఉంటుంది. పడాక్‌లో నార ఒక పొరలో ఒకవైపు, పై పొరలో మరోవైపు ఒరిగి పెరుగుతుంది. చిత్రిక ఎటు పట్టినా ఎక్కడో ఒకచోట నారకు ఎదురు పోక తప్పదు.

ఉక్కును ఆనుకున్న చోట కర్రకు నల్లటి అంచు ఉంది. దీన్ని చూసి కర్ర కుళ్ళిందనుకుంటారు. కాదు, అది సిరా. మన పూర్వులు కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి నల్ల సిరా చేసుకునేవారు. కరక్కాయలో టానిన్లు, అన్నభేదిలో ఇనుము. రెండూ కలిసి గాలి తగిలితే నల్లని ఇనుప టానేట్ ఏర్పడుతుంది. కర్రలో టానిన్లు ఉన్నాయి, ఉక్కు నుంచి ఇనుము వస్తుంది, దీవుల గాలి తేమ ఇస్తుంది. సిరాబుడ్డి సిద్ధం. రివెట్లు ఇత్తడివి కాబట్టి వాటి చుట్టూ ఈ మరక లేదు.

కొమ్ము పిడి కూడా ఇదే కోవలోది. కొమ్ము మన గోళ్ళలాగే కెరాటిన్. స్నానం తరవాత గోళ్ళు మెత్తబడినట్టే అదీ తేమకు మెత్తబడి, ఎండకు వంకరపోతుంది. ఒడిశాలో తెలుగువారు ఎక్కువగా ఉన్న పర్లాకిమిడిలో గేదెకొమ్ముతో బొమ్మలు, దువ్వెనలు చేస్తారు, చూడండి. ఎముక అంతగా కదలదు కాని రంధ్రాల నిండా మురికి పడుతుంది. ముత్యపు మెరుపున్న గవ్వల పెంకు నీటికి చలించదు, పడితే పగులుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అండమాన్‌లో చుక్కల జింకలు కనిపిస్తాయి, బ్రిటిష్ కాలంలో తెచ్చి వదిలినవి. వాటి కొమ్ము రాలినదైనా సరే, ఏరుకుని పిడి చేయించుకోవడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. నాటిలస్ వంటి గవ్వలకు 2001 నుంచి అదే చట్టం రక్షణ ఉంది. పిడి సహజమైనదైతే చాలదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి.

ఉక్కు కూడా మచ్చలేనిది కాదు. తెలంగాణలో నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. హెన్రీ వాయ్సీ ఆ తయారీని చూసి రాసినది 1832లో అచ్చయింది. అలాంటి ఉక్కుతో చేసిన కత్తుల మీద నీటి అలల వంటి చారలు ఉంటాయి. ఆ చారలు ఎలా వస్తాయో చాలాకాలం తేలలేదు. 1998లో అమెరికా లోహశాస్త్రవేత్త జాన్ వెర్‌హోవెన్, కత్తులు చేసే ఆల్ఫ్రెడ్ పెండ్రే తదితరులు చూపించిన కారణం వనేడియం వంటి మూలకాల మలినాలు. అవి లేశమాత్రం ఉంటే చాలు, కార్బైడ్ కణాలు వరసలు కట్టి చారలుగా తేలుతాయి. ఉక్కు శుద్ధంగా ఉండి ఉంటే ఆ అలలు ఉండేవి కావు.

ఏది ఒప్పుకోకూడదు

లోపాలన్నిటినీ ఓర్చుకోమని నేను చెప్పడం లేదు. అలుగు తెరిచి పక్కలకు కదపండి. లొటలొటలాడితే ఇరుసు రివెట్టు వదులైందని అర్థం, అది వేలు కోస్తుంది. స్ప్రింగు అలుగును గట్టిగా పట్టకపోతే పనిలో ఉండగా మూసుకుపోతుంది, ఆ చాకును వాడకండి. పదును వైపు సన్నని బీట ఉంటే, అది ఉక్కును చల్లార్చినప్పుడు వచ్చినదై ఉండవచ్చు. దాన్ని ఎంత సానబట్టినా లాభం లేదు. పిడి చెక్కలో రివెట్టు నుంచి బయలుదేరిన చీలిక గోరు దిగేంత ఉంటే బాగుచేయించాలి. ఎర్రతుప్పు గుంటలు పడి తింటుంది, తీసేయాలి. మామిడికాయ కోస్తే వచ్చే నీలి నలుపు పొర వేరు, ఇంట్లో కత్తిపీట మీద చూసిందే, అది ఉండనివ్వచ్చు. ఇవన్నీ బలానికీ భద్రతకూ సంబంధించినవి. రంగు, నార, మరక, ఋతువుతో వచ్చిపోయే అంచు వీటిలోకి రావు. ఋతువుతో వచ్చిపోతోందా, లేక నెలనెలా పెరుగుతూనే ఉందా అన్నది చూడటానికి ఒక్కటే దారి, కొలవడం.

మీ బడి ప్రయోగశాలలో వెర్నియర్ కాలిపర్స్ ఉంటాయి. ఒక చెక్క స్కేలునో, డస్టర్‌నో తీసుకోండి. పెన్సిలుతో ఒకచోట గుర్తు పెట్టి, అదే చోట నెలకొకసారి వెడల్పు కొలవండి. పక్కన ఆ రోజు వార్తల్లో చెప్పిన ఆర్ద్రత రాయండి. జూన్‌లో మొదలుపెడితే మే నాటికి మీ దగ్గర పన్నెండు అంకెలు ఉంటాయి. గ్రాఫు గీయండి. పొడవును కూడా కొలిచి చూడండి, అది దాదాపు కదలదు.

నా చాకు లెక్క 2017 జనవరి నుంచి ఒక నోటుబుక్కులో ఉంది. ఏటా ఏప్రిల్‌లో అంచు చేతికి తగులుతుంది, ఆగస్టుకు పోతుంది. మా మనవరాలు మాత్రం ఆ అంచు మీద గోటితో గీసి, టకటకమని వచ్చే చప్పుడు కోసం ఎండాకాలం ఎప్పుడొస్తుందని అడుగుతుంది.